పాట రాయడం ఎంఏలో నేర్పండి: విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, తెలుగు శాఖల, సంగీత శాఖల అధిపతులకు, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

నేను తెలుగులో ఎంఏ చేశాను. పాటలు రాసి బతుకుతున్నాను. నాలాగే ట్యూన్లకు మాటలు కూర్చేవాళ్లు, ఆ పని నేర్చుకోవాలని తపించేవాళ్లు కొందరం కలిసి, పాట రచనను పీజీ స్థాయిలో ప్రత్యేక కోర్సుగా పెట్టమని మీలో కొందరికి వినతిపత్రాలు ఇచ్చాం. ఒకచోట "పరిశీలిస్తాం" అన్నారు. ఇంకోచోట మా కాగితం తెలుగు శాఖ నుంచి సంగీత శాఖకు, అక్కణ్నుంచి మళ్లీ తెలుగు శాఖకు వచ్చి ఆగిపోయింది. మరోచోట ఒక పెద్దాయన "సిలబస్‌లో సినిమా సాహిత్యం పేపరు ఉంది కదా, ఇంకేం కావాలి?" అని పంపించేశారు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. రాతపూర్వకంగా ఒక్క ముక్క రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఆ పెద్దాయన ప్రశ్నకే జవాబు చెబుతాను. సినిమా సాహిత్యం పేపరులో పాటను చదివిస్తారు. అందులో అలంకారాలు, రసం, సామాజిక నేపథ్యం చెబుతారు. మంచిదే, నాకు చాలా ఉపయోగపడింది. కానీ పరీక్షలో రాసేది వ్యాసం. రెండేళ్ల చదువులో నేను ఒక్క పల్లవి కూడా రాయనక్కర్లేకపోయింది. డిగ్రీ చేతికొచ్చాక మొదటిసారి ఒక ట్యూన్ నా ముందుకు వచ్చినప్పుడు, దాన్ని ఎక్కణ్నుంచి పట్టుకోవాలో నాకు తెలియలేదు.

అది ఎలాంటి పనో ఒక ఉదాహరణతో చెబుతాను. సంగీత దర్శకుడు మిశ్రగతిలో ట్యూన్ పంపాడనుకోండి. తకిట తకధిమి, అంటే మూడు మాత్రలు, ఆపైన నాలుగు (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సమయం). దానికి "గాలి వెన్నెల" అని రాస్తే హాయిగా కూర్చుంటుంది. గాలికి మూడు మాత్రలు, వెన్నెలకు నాలుగు. అదే "వెన్నెల గాలి" అని రాస్తే? లెక్కకు ఇదీ ఏడు మాత్రలే. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. చదివితే ఇంకా అందంగా కూడా ఉంది. కానీ తాళం మూడో మాత్ర దగ్గర విరుగుతుంది కాబట్టి గాయని నోట "వెన్నె... లగాలి" అని వస్తుంది. "లగాలి" అంటే ఏమిటో వినేవాళ్లకు అర్థం కాదు. రికార్డింగ్ రోజు మైకు ముందు ఈ సంగతి బయటపడితే అప్పటికప్పుడు మాట మార్చాలి. మార్చిన మాట కింది పాదంలో ప్రాసను చెడగొడుతుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఇలాంటివి ఇంకా ఎన్నో. స్వరం సాగే చోట హ్రస్వం పడితే "కలం" కాస్తా "కాలం" అయిపోతుంది. ద్రుతంగా పరుగెత్తే చోట సంయుక్తాక్షరాలు వరసగా పడితే గాయకుడి నాలుక తడబడుతుంది. ఊపిరి తీసుకునే చోటు ఒక సమాసం మధ్యలోకి వస్తే సమాసం రెండుగా చీలిపోతుంది. డబ్బింగ్ పాటలో అయితే మరీ కష్టం. తెర మీద నటుడి పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, తెరుచుకున్న చోట పడకూడదు, అర్థం చెడకూడదు, ట్యూన్ తప్పకూడదు. గణాలు, మాత్రలు, యతిప్రాసలు మాకు తరగతిలో చెప్పారు. తాళాలు, గతులు పక్క భవనంలో సంగీతం వాళ్లకు చెప్పారు. ఈ రెండూ కలిసేచోటే పాట పుడుతుంది. ఆ చోట నిలబడి పాఠం చెప్పే మనిషి మాత్రం ఏ శాఖలోనూ కనిపించలేదు.

"ఇదంతా నేర్పితే వచ్చేదా? లోపల ఉండాలి" అనే మాట మాకు చాలాసార్లు ఎదురైంది. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. అందెశ్రీ బడి చదువు లేకుండానే పాటగాడయ్యారు. ఆయన రాసిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. వేటూరి పత్రికా రంగం నుంచి వచ్చారు. 2023 మార్చిలో కీరవాణితో కలిసి ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ చదివింది ఇంజనీరింగ్. కానీ ఇదే మాట నాట్యం గురించి, చిత్రకళ గురించి మీరు అనడం లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాట్యానికి, రంగస్థలానికి, చిత్రకళకు పీజీలు ఉన్నాయి. ఊహను ఎవరూ నేర్పలేరు. ఆ ఊహను తాళంలో ఇమిడేలా చెప్పే పనితనాన్ని మాత్రం నేర్పవచ్చు. ఆ మహానుభావులు ఎన్నో ఏళ్లు ఎవరి సాయమూ లేకుండా గడించుకున్న ఆ పనితనాన్ని, తర్వాత వచ్చేవాళ్లు కూడా అంతే కష్టపడి గడించుకోవాలని మనం ఎందుకు పట్టుబట్టాలి?

పైగా పాటకు లక్షణ గ్రంథం రాసుకున్న భాష మనది. 1408లో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలు పాడి ఊరుకోలేదు, సంకీర్తన ఎలా ఉండాలో చెబుతూ సంస్కృతంలో ఒక గ్రంథం కూడా రాశారు. అది ఇప్పుడు దొరకడం లేదు. ఆయన మనవడు చిన తిరుమలాచార్యులు దాన్ని తెలుగు చేసిన సంకీర్తన లక్షణం మాత్రం మన దగ్గర ఉంది. అంటే పాట రాయడాన్ని ఒక శాస్త్రంగా చెప్పుకోవచ్చని మనవాళ్లు శతాబ్దాల కిందటే అనుకున్నారు. అటు ఇంగ్లండ్‌లో బాత్ స్పా విశ్వవిద్యాలయం 2007లో పాట రచనకు ఎంఏ మొదలుపెట్టింది. శ్రీశ్రీ మొదలుకొని జాతీయ స్థాయిలో ఉత్తమ గీత రచయితలను ఇచ్చిన మన నేల మీద ఆ పని ఇంకా మొదలు కాకపోవడం నాకు బాధగా ఉంది. సి. నారాయణరెడ్డి గారు ఉస్మానియాలో పాఠం చెబుతూనే 1962 నుంచి సినిమాలకు పాటలు రాశారు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఆచార్యుడూ పాటల రచయితా ఒకే మనిషిలో ఉండగలరని మీకు వేరే చెప్పాలా?

ఈ చదువు లేకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

1. నేర్చుకోవాలనుకునేవాడు ఫీజు బదులు తన పేరు ఇచ్చుకుంటున్నాడు. కోర్సు లేదు కాబట్టి ఎవరో ఒక సీనియర్ దగ్గర చేరాలి. చేరాక రాసిన చరణాలు ఆయన పేరు మీద వెళతాయి. కొందరు సీనియర్లు నిజంగా పెద్ద మనసుతో నేర్పుతారు, వాళ్ల రుణం తీర్చుకోలేం. కానీ అలాంటివాళ్లు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు రాసిన పల్లవి ఊరూరా మోగింది. అది తనదని సొంత తల్లికి కూడా నిరూపించుకోలేకపోయాడు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసినా సరే, ఆ రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసినా, రాసింది తనే అని చూపించడానికి తేదీ వేసిన కాగితం ఒక్కటి కూడా అతని దగ్గర లేదు.

2. చదవకుండా సంతకాలు పెడుతున్నాం. మొదటి అవకాశం వచ్చిన రోజు ఒక కాగితం ఇస్తారు. సర్వ హక్కులు, శాశ్వతంగా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ రాబోయే మాధ్యమాల్లోనూ నిర్మాతకే అని ఉంటుంది. నేను కూడా అలాంటి కాగితం అందుకున్నవాణ్నే. 2012లో చట్టాన్ని సవరించారని, సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడాన్ని మినహాయిస్తే మిగతా ఏ రూపంలో వాడినా వచ్చే రాయల్టీలో సమాన వాటా రచయితదేనని, దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదని మాలో ఎంతమందికి తెలుసు? ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా తీసుకోవాలని 19వ సెక్షన్ చెబుతోంది. పాట మీద హక్కు రచయిత జీవితాంతం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఆ సంతకం రచయితతో ఆగదు, పిల్లల దాకా వెళుతుంది. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే సంస్థ సభ్యత్వం గురించి చాలామందికి ఎవరో చెప్పేదాకా తెలియడం లేదు. పాట రాసేవాడికి ఛందస్సు ఎంత అవసరమో ఈ చట్టం సంగతులూ అంతే అవసరం.

3. అమ్మాయిలకు దారి మూసుకుపోతోంది. ఈ పని నేర్చుకునే చోటు ఇప్పుడు తరగతి గది కాదు, హైదరాబాద్‌లో రాత్రి పొద్దుపోయేదాకా సాగే సిట్టింగులు, అంటే కలిసి కూర్చుని పాట కట్టే సమావేశాలు. గది అద్దెకు తీసుకుని నగరంలో ఏళ్ల తరబడి వేచి ఉండగలిగినవాళ్లకే అక్కడ చోటు. కవిత్వంలో ఇంతమంది స్త్రీలు ఉన్న భాషలో, సినిమా పాటల రచయిత్రుల పేర్లు చెప్పమంటే వేళ్ల మీద లెక్కపెట్టి ఆగిపోతాం. అది ప్రతిభ లేక కాదు. పగటిపూట, అందరికీ తెరిచి ఉండే ఒక విభాగంలో, మార్కుల జాబితాతో నేర్పితే పరిస్థితి మారుతుందని నా గట్టి నమ్మకం. ఈ లేఖలో నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోమని అడిగేది ఈ అంశాన్నే.

4. జానపదం ఎవరిదో తెలియకుండా పోతోంది. పొలం గట్ల మీద, బతుకమ్మ ఆటల్లో, పెళ్లిళ్లలో పాడిన పాటలకు బీటు కలిపి ప్రైవేటు సాంగ్స్‌గా విడుదల చేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, పాట బతుకుతోంది. కానీ పాడి వినిపించిన అవ్వ పేరు ఎక్కడా కనపడదు. తరతరాలుగా వచ్చిన పాదం ఏది, కొత్తగా కట్టిన చరణం ఏది అని విడదీసి చెప్పగలిగేవాళ్లు లేక చివరికి అది వివాదంగా మారుతోంది. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి ఈ దారి ఏనాడో వేశారు. ఆ పరిశోధన ఫలం ఇప్పుడు పాట కట్టేవాళ్లకు చేరడం లేదు.

5. వినేవాళ్లకు కూడా నష్టమే. చిన్నపిల్లలు మాటలు నేర్చేది చాలావరకు పాటల్లోంచే. తప్పుగా విరిగిన మాటను వాళ్లు అలాగే పట్టుకుంటారు.

ఇక ఉద్యోగాల సంగతి. "ఈ కోర్సు చేసినవాళ్లందరికీ సినిమాల్లో పని దొరుకుతుందా?" అని అడుగుతారు. దొరకదు. ఒక సినిమాలో ఉండేవే ఐదారు పాటలు. ప్రాస్పెక్టస్‌లో సినిమా బొమ్మలు వేసి పిల్లలకు ఆశ చూపించకండని మేమే కోరుతున్నాం. కానీ పాట సినిమాతో ఆగిపోదు. సీరియల్ టైటిల్ పాటలు, ప్రకటనల జింగిల్స్, భక్తి ఆల్బమ్‌లు, ఎన్నికల ప్రచార గీతాలు, ప్రభుత్వ ఆరోగ్య ప్రచారాలు, పాఠశాల వాచకాల్లో గేయాలు, యానిమేషన్, ఇతర భాషల నుంచి వచ్చే డబ్బింగ్ పాటలు, ఇవన్నీ ఎవరో ఒకరు రాస్తున్నవే. వాటిలో చాలావాటిని వింటే, ఈ పని తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉంటే బాగుండేదనిపిస్తుంది. తెలుగు ఎంఏ చేసినవాళ్లకు టీచర్ పోస్టు తప్ప వేరే దారి లేదని మీ విద్యార్థులే బెంగపడుతున్నారు. ఇది వాళ్లకు మరో దారి అవుతుంది.

మేం అడుగుతున్నవి ఇవి:

1. తెలుగు శాఖ, సంగీత శాఖ కలిసి నడిపే రెండేళ్ల ఎంఏ పాట రచన కోర్సు పెట్టండి. రెండు రాష్ట్రాల్లో కనీసం ఒక్కో విశ్వవిద్యాలయంతో మొదలుపెట్టండి. పదిహేను సీట్లు చాలు. ఒక్కో విద్యార్థి పాటను అందరూ కూర్చుని విని, మాట మాట చర్చించాలంటే అంతకంటే ఎక్కువమంది ఉండకూడదు కూడా.

2. సగానికి పైగా మార్కులు రాసిన పాటలకు ఇవ్వండి. ట్యూన్‌కు రాయడం, రాసినదానికి ట్యూన్ కట్టించుకోవడం, డబ్బింగ్, జానపద బాణీ, పిల్లల పాట, ఇవన్నీ చేయించాలి. ప్రతి పాటనూ గాయకుల చేత పాడించి వినాలి. చివరి సెమిస్టర్‌లో థీసిస్ బదులు రికార్డు చేసిన పాటల సంపుటి, ఒక్కో పాటలో ఏ మాట ఎందుకు మార్చాల్సి వచ్చిందో వివరించే వ్యాసం అడగండి. దీనికి పెద్ద స్టూడియో అవసరం లేదు. చప్పుడు రాని ఒక గది, ఒక మంచి మైకు, ఒక కంప్యూటర్ ఉంటే మొదలవుతుంది.

3. "పాఠం చెప్పడానికి పీహెచ్‌డీ ఉన్నవాళ్లు లేరు" అనే కారణం ఇక చెల్లదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. తమ రంగంలో 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను, డిగ్రీలు లేకపోయినా, మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం మించకుండా తీసుకోవచ్చు. సీనియర్ గీత రచయితలను, సంగీత దర్శకులను ఈ దారిలో పిలవండి. ఒగ్గుకథ, బుర్రకథ కళాకారులను కూడా పిలవండి. అక్కడికక్కడ పాదం అల్లి తాళంలో పెట్టడం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన విద్య.

4. కాపీరైట్, ఒప్పందాల మీద ఒక పేపరు తప్పనిసరి చేయండి. అసలు ఒప్పంద పత్రాలను, పేర్లు తీసేసి, తరగతిలో చదివించండి.

5. కోర్సులో భాగంగా విద్యార్థి రాసిన పాట మీద హక్కు విద్యార్థిదే అని ప్రవేశ పత్రంలోనే రాసివ్వండి. విశ్వవిద్యాలయం ఉత్సవాలకు వాడుకున్నా పేరు వేయాలి, అనుమతి అడగాలి. బయట జరుగుతున్న అన్యాయాన్ని క్యాంపస్‌లో మళ్లీ చేయకూడదు.

6. ఏ డిగ్రీ చేసినవాళ్లకైనా ప్రవేశం ఉండాలి. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ అనే పీజీ ప్రవేశ పరీక్షల మాదిరి బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాట రాసేవాళ్లను గుర్తించలేం. అభ్యర్థి సొంతంగా రాసిన మూడు పాటలు తీసుకోండి, అక్కడికక్కడే ఒక ట్యూన్ వినిపించి పల్లవి రాయించండి. తర్వాత కూర్చోబెట్టి మాట్లాడండి.

7. దీన్ని విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుగా పెట్టకండి. అలా పెడితే, ఇప్పుడు హైదరాబాద్‌లో అద్దె కట్టగలిగినవాళ్లే రేపు ఫీజు కట్టి వస్తారు. స్కాలర్‌షిప్ వర్తించే రెగ్యులర్ కోర్సు కావాలి. హాస్టల్ వసతి, ముఖ్యంగా అమ్మాయిలకు, మొదటి ఏడాది నుంచే ఉండాలి.

యంత్రం చేత పాట రాయించుకునే రోజులు వచ్చాయి కదా, ఇప్పుడు ఈ కోర్సు దేనికని కొందరు అడుగుతున్నారు. ఆ సాఫ్ట్‌వేర్లను నేనూ వాడి చూశాను. ప్రాసలు బాగానే వేస్తాయి. కానీ పైన చెప్పిన "లగాలి" లాంటిది వచ్చినప్పుడు అది తప్పని పట్టుకోవడానికి తెలిసిన చెవి ఒకటి ఉండాలి. అలాంటి చెవులను తయారుచేయమనే అడుగుతున్నాం. విద్యార్థి ఆ సాధనాలను ఎంతవరకు వాడవచ్చో, వాడితే ఎలా తెలియజేయాలో కూడా సిలబస్‌లోనే స్పష్టంగా రాయండి.

వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశ ప్రకటన వెలువడేలోపు ఈ ప్రతిపాదనను మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అజెండాలో పెట్టాలని కోరుతున్నాం. ఒకేసారి ఎంఏ కష్టమైతే ఒక ఏడాది పీజీ డిప్లొమాగా మొదలుపెట్టండి, కానీ ఎంఏ ఎప్పటికి చేస్తారో తేదీ చెప్పండి. కుదరదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి, దానికి తగిన జవాబు మేం సిద్ధం చేసుకుంటాం. నాలుగు సెమిస్టర్లకు సిలబస్ ముసాయిదా మా దగ్గర తయారుగా ఉంది. వినతిపత్రంతోపాటు దాన్ని కూడా ఇచ్చాం. మీ ఫైళ్లలో కనిపించకపోతే మళ్లీ పంపిస్తాం. ఏ రోజు పిలిచినా వచ్చి మీతో కూర్చుని పేపరు పేపరు మాట్లాడతాం.

ఇట్లు,
పాట రచన నేర్చుకోవాలనుకునే మిత్రుల తరఫున
ఒక తెలుగు గీత రచయిత